మిస్ ఒర్లీన్ రెండువందల డెబ్భై

ఆ ఏడాది మా ఊళ్ళో నన్నెవరూ "బాగున్నావా" అని అడగలేదు. "లారీ ఎప్పుడొస్తుంది?" అని అడిగేవారు. చర్చిలో అడిగారు, మంగలి కుర్చీలో గడ్డానికి సబ్బు రాసుకుని కూర్చుంటే అడిగారు. మా మామగారు పోతే ఓదార్చడానికి వచ్చిన ఓ పెద్దమనిషి, శవపేటిక పక్కనే నా చెయ్యి పట్టుకుని, గొంతు బాగా తగ్గించి, "వేండెల్, లారీ గురువారమేనా?" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. గురువారమే అని చెప్పి పంపించాను.

కొట్టు నాది కాదు. మేకులు, పెయింటు, కోళ్ళ దాణా, రబ్బరు బూట్లు, తుపాకీ తూటాలు అన్నీ అమ్మే కొట్టులో కౌంటర్ వెనక నిలబడే జీతగాణ్ణి. 2013లో తూటాలకి కరువొచ్చింది. తుపాకుల మీద ఏదో కొత్త చట్టం వస్తుందని పుకారు పుట్టింది. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు కదా, నెల తిరిగేసరికి దేశమంతా ఎగబడి కొనేసింది. అన్నిటికన్నా ముందు మాయమైనవి ఇరవైరెండో నంబరువి. అంటే అన్నిటికన్నా చిన్నవి, చవకవి, పిల్లలు కంచె మీద డబ్బాలు పెట్టి కొట్టుకునేవి. అదివరకు వాటిని మేకుల పక్కన గంపలో పోసి ఉంచేవాళ్ళం. అలాంటివాటి కోసం గురువారం పొద్దున్న ఎనిమిదింటికి తలుపు తీస్తే, ఆరింటి నుంచీ మడత కుర్చీలు వేసుకుని, ఫ్లాస్కుల్లో కాఫీ తాగుతూ, పాతికమంది ముసలాళ్ళు కాపు కాసేవారు. మనిషికి ఒక పెట్టె, పెట్టెకి యాభై. అది మా యజమాని పెట్టిన రూలు, తిట్లు తినడం మాత్రం నా వంతు.

ఆ వరసలో ఒకే ఒక్క ఆడమనిషి ఉండేది. ఆవిడే మిస్ ఒర్లీన్ టాకెట్.

ఆవిడకి డెబ్భై ఒక్కేళ్ళు. మా బడి వంటగదిలో ముప్పై రెండేళ్ళు గరిటె తిప్పింది. ఊళ్ళో అరవై లోపు వాళ్ళందరూ ఆవిడ చేతి తిండి తిని, ఆవిడ చేతి చీవాట్లు తిని పెరిగినవాళ్ళే. నాకు యాభై నాలుగొచ్చాయి. ఇప్పటికీ ఆవిడ నావైపు చూస్తే, క్యారెట్లు వదిలేశానేమోనని గుండె గుభేల్మంటుంది. పదమూడేళ్ళ కిందట రిటైరయ్యాక, ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉందని, కాస్త చప్పుడు కావాలని, మా ఊరి గురికాళ్ళ క్లబ్బులో చేరింది. అదీ ఆవిడ పిస్తోలు పట్టిన కథ. ఇందులో దొంగలూ లేరు, పగలూ లేవు.

క్లబ్బులో గుమ్మం పైన ఒక ఓక్ చెక్క బల్ల ఉంది. ఏడాదికి ఒక్కసారి, జూన్ ఆఖరి శనివారం, పోటీ. మూడు దఫాలు, దఫాకి పది గుళ్ళు, ఒంటిచేత్తో కొట్టాలి. మొత్తం మూడువందలకి రెండువందల డెబ్భై వస్తే పేరు ఇత్తడి రేకు మీద చెక్కి ఆ బల్లకి బిగిస్తారు. నలభై ఒక్క పేర్లున్నాయి. అందరూ మగాళ్ళే. మిస్ ఒర్లీన్ కిందటి మూడేళ్ళూ వరసగా తెచ్చుకున్నవి రెండువందల అరవై ఎనిమిది, అరవై ఏడు, మళ్ళీ అరవై ఎనిమిది. ఒడ్డుదాకా వచ్చి మునగడమంటే ఇదే. ఆ బల్ల కింద నుంచి వెళ్ళేటప్పుడు ఆవిడ తల పైకెత్తేది కాదు, కానీ అడుగు మాత్రం బలంగా వేసేది.

ఇక ఆ పిస్తోలు సంగతి. అది పాతది, మంచిది, మహా పెంకిది. చవకరకం తూటాలు పెడితే రెండోదానికో మూడోదానికో గొంతులో అడ్డం పడుతుంది. ఖరీదైనవి పెడితే వయ్యారంగా పేలుతుంది, కానీ బడి వంటమనిషి పింఛనుకి అవి వారానికి వంద ఎక్కడ అందుతాయి? చవగ్గా ఉన్నవి పేలవు, పేలేవి చవగ్గా ఉండవు, రెండూ అయిన ఒకే ఒక రకం మా గంపలో ఉండేది. ఇప్పుడు ఆ గంపే లేదు.

ఫిబ్రవరిలో ఒక గురువారం, వరసలో ఆవిడ వంతు వచ్చేసరికి పెట్టెలు అయిపోయాయి.

"ఒరేయ్ వేండెల్, అబద్ధం చెప్పకు. వెనక గదిలో ఉన్నాయా లేవా?"

"లేవు మిస్ ఒర్లీన్. మీ మీద ఒట్టు."

"నా మీద ఎందుకురా, నీ మీద వేసుకో."

"కాస్త ఓపిక పట్టండి. వచ్చే ఏటికి కావలసినన్ని తూటాలొస్తాయి."

"తూటాలొస్తాయిరా," అంది ఆవిడ. "చెయ్యి రాదు."

అని కుడిచెయ్యి తీసి కౌంటర్ మీద పెట్టింది. బొటనవేలూ చూపుడువేలూ వాటంతటవే ఆడుతున్నాయి. పోయినవారమే డాక్టరు చెప్పాడట. ఊరికే ఉన్నప్పుడు ఊగుతుంది, బరువు పట్టుకుంటే ఆగుతుంది, ఇప్పటికైతే ఆగుతుంది. వచ్చే ఏటికి అదీ ఉండదు. మాత్రలు ఇచ్చాడు కానీ మాట ఇవ్వలేదు.

నాకు చాలా బాధేసింది. నా వెనక ఖాళీ అర చూసుకుని, ఏం చెయ్యాలో తోచక, కోళ్ళ దాణా ఏమన్నా కావాలా అని అడిగాను. ఆవిడ నన్నోసారి క్యారెట్లు వదిలేసినవాణ్ణి చూసినట్టు చూసి వెళ్ళిపోయింది.

ఊరుకునే మనిషి కాదు కదా. మరుసటి గురువారం చర్చిలో దుప్పట్లు కుట్టే సంఘం మొత్తాన్ని, ఆరుగురు ముసలమ్మల్ని, వెంటబెట్టుకొచ్చింది. మనిషికి ఒక పెట్టె కదా, తనతో కలిపి ఏడు పెట్టెలు. ముసలాళ్ళు గొణిగారు కానీ, అందులో పాస్టరుగారి భార్య ఇమొజీన్ కూడా ఉండటంతో ఎవరూ పైకి అనలేకపోయారు. ఆరుగురూ డబ్బులిచ్చి, పెట్టెలు పుచ్చుకుని, సంచుల్లో వేసుకున్నారు. బయటికి వెళ్ళాక మిస్ ఒర్లీన్ చెయ్యి చాపింది.

"ఇమొజీన్, ఆ పెట్టె ఇలా ఇయ్యి."

"ఏమో ఒర్లీన్, ఉంచుకుందామనిపిస్తోంది."

"నీకు తుపాకీ ఉందా?"

"లేదు."

"మీ ఆయనకుందా?"

"ఆయనకి చాకు చూస్తేనే కళ్ళు తిరుగుతాయి."

"మరి దాన్నేం చేసుకుంటావే, కూరలో వేస్తావా?"

"ఇంతమంది ఇంత చలిలో కాచుకుని కొంటున్నారంటే ఏదో ఉండే ఉంటుంది కదా. రేపు మాకూ అవసరం పడొచ్చు."

మిగతా అయిదుగురూ ఇమొజీన్ వైపు చూసి, తమ సంచుల మూతులు బిగించి పట్టుకున్నారు. మా ఊరివాళ్ళు పది తరాల నుంచీ ఇంతే. వరస కనబడితే నిలబడతారు, దొరికినదాన్ని దాచుకుంటారు, ఎందుకో తర్వాత ఆలోచిస్తారు. ఇమొజీన్ ఆ పెట్టెని పిండి డబ్బా వెనక పెట్టిందని తర్వాత తెలిసింది. ఏడు పెట్టెలకి వచ్చిన మిస్ ఒర్లీన్ ఒక్కదానితో ఇంటికెళ్ళింది.

వరసలో మొదటి కుర్చీ గురించి చెప్పాలి. అది ఎప్పుడూ హోయ్ట్ బింక్లీదే. డెబ్భై ఆరేళ్ళవాడు, ముప్పై నాలుగేళ్ళు పల్లెలన్నీ తిరిగి ఉత్తరాలు పంచిన పోస్టుమాన్. ఒంటిగాడు, పెళ్ళి చేసుకోలేదు, ఖర్చవుతుందని. అతని ఇంటి కింద సెల్లార్‌లో నలభైవేల తూటాలున్నాయని ఊరందరికీ తెలుసు. నాకు ఇంకా బాగా తెలుసు, సగం నేనే అమ్మాను. వాటిలో ఒక్కటైనా పేల్చగా చూసినవాడు లేడు. క్లబ్బుకి వచ్చే రోజుల్లో పక్కవాడివి పది అడిగి పుచ్చుకుని కాల్చి, తన సీసం తన దగ్గరే ఉందని సంతోషంగా వెళ్ళిపోయేవాడు. నలభైవేలున్నవాడు పొద్దున్నే ఆరింటికి కుర్చీ వేసుకుని ఇంకో యాభై కోసం కూర్చోవడం, లేనివాడికి దక్కకుండా చెయ్యడం చూస్తే, ఆ కుర్చీ మడిచి నెత్తిన వెయ్యాలనిపించేది నాకు.

దుప్పట్ల సంఘం మోసం చేసిన పొద్దున్నే మిస్ ఒర్లీన్ అతని ముందు నిలబడింది.

"హోయ్ట్, నీ దగ్గర ఎన్ని ఉన్నాయి?"

"ఏవి?"

"పావురాలు. తూటాలయ్యా!"

"ఏవో నాలుగు."

"నాలుగు వేలా, నలభై వేలా?"

"చెడ్డరోజులకని దాచుకున్నాను ఒర్లీన్."

"ఇవి మంచిరోజులా? అటు చూడు. పాస్టరు పెళ్ళాం తూటాలు కొనుక్కెళ్తోంది. ఇంతకన్నా చెడ్డరోజులేం వస్తాయి?"

హోయ్ట్ ఇమొజీన్ వీపు వైపు చూసి కాసేపు నిజంగానే ఆలోచించాడు. "ఇంకా చెడ్డవి రావచ్చు," అన్నాడు.

"ఊరికే వద్దు. కొనుక్కుంటాను."

"డబ్బేం చేసుకోను? డబ్బిచ్చినా దొరకడం లేదు కదా అవి." అని గొంతు సర్దుకుని, నేలచూపులు చూస్తూ అన్నాడు. "బుధవారాలు బడిలో బీన్స్ కూర పక్కన దాల్చినచెక్క రోల్స్ వేసేదానివి, గుర్తుందా?"

ఎవరికి గుర్తుండదు! ఆ రోల్స్ కోసం హోయ్ట్ బుధవారాలు తన దారి మార్చుకుని, సరిగ్గా పదకొండింటికి బడి వంటగది వెనక్కి ఉత్తరాలు తెచ్చేవాడని ఊరంతా చెప్పుకునేది. రిటైరైన రోజున మిస్ ఒర్లీన్ గరిటె సింకులో పడేసి, ఈ జన్మలో ఇక పిండి ముట్టనని అందరిముందూ ఒట్టేసింది. ఆవిడ ఒట్టేసిందంటే వేసినట్టే. అయినా ఆ పొద్దున్న హోయ్ట్ మొహంలోకి ఒక నిమిషం చూసి అడిగింది.

"డజనుకి ఎన్ని పెట్టెలు?"

"ఒకటి."

"రెండు."

"ఒకటి, ఒర్లీన్. దానిమీద చక్కెరపాకం కాస్త ఎక్కువెయ్యాలి."

అవసరం మనదైనప్పుడు ఆ లోకువ పడక తప్పదు. ఊగే చేత్తో పిండి పిసికి, ఒట్టు గట్టున పెట్టి, మంగళవారం ఆవిడ రోల్స్ ఇచ్చి ఒక పెట్టె తెచ్చుకుంది. మంగళవారం నాకు సెలవు, నేనూ క్లబ్బు మైదానానికి వెళ్ళాను.

మొదటి మూడూ పేలాయి. నాలుగోది "టక్" అంది. అంతే, పేలలేదు. పేలకపోతే వెంటనే తియ్యకూడదు, గొట్టం గురి వైపే ఉంచి అర నిమిషం ఆగాలి, ఆలస్యంగా పేలే ప్రమాదం ఉంటుంది. ఆవిడ ఆగింది, తీసి పక్కన పెట్టింది, మళ్ళీ కాల్చింది. పేలింది. పేలింది. టక్. యాభైలో పద్నాలుగు పేలలేదు. ఆవిడ తిట్టిన తిట్లు బడి వంటగదిలో నేర్చుకున్నవి కావు.

కానీ నేను చూస్తున్నది వేరే. తూటా పేలనప్పుడు పిస్తోలు కదలకూడదు కదా, కదలడానికి కారణమే లేదు. ఆవిడ చేతిలో మాత్రం "టక్" అన్న ప్రతిసారీ గొట్టం ముక్కు కిందికి వంగింది, కోడి నీళ్ళు తాగినట్టు. అంటే పేలుతుందేమోనని చెయ్యి ముందే బెదురుతోంది. మంచి తూటాలతో ఆ వంగుడు ఎవరికీ కనబడదు, పేలుడు దాన్ని కప్పేస్తుంది. ఎప్పుడూ ఆ రెండు మూడు పాయింట్లు ఎక్కడ పోతున్నాయో నాకప్పుడు అర్థమైంది.

"మిస్ ఒర్లీన్, ఏమీ అనుకోకండి. మీరు బెదురుతున్నారు."

"ఎవరూ? నేనా?" పిస్తోలు బల్లమీద పెట్టి నా వైపు తిరిగింది. "ముప్పై రెండేళ్ళు, రోజూ మూడువందలమంది పిల్లలకి ఎదురు నిలబడ్డాన్రా నేను! నిన్ను కూడా చూశాను. నీకా నేను బెదిరేది?"

"నాకు కాదండీ, చప్పుడికి."

"చప్పుడు కోసమే చేరాన్రా ఇందులో!"

ఉన్నమాటంటే ఉలుకెక్కువ. నేను నోరు మూసుకుని, పేలనివాటిని ఆవిడ మా కొట్టులో కొన్న పెట్టెలోని మంచివాటితో కలిపి, ఏది ఏదో తెలియకుండా నింపి ఇచ్చాను. రెండోదే టక్ అంది. ఈసారి ఆవిడ తన గొట్టం వైపే చూస్తోంది. అది వంగడం తన కళ్ళతో తనే చూసింది. పిస్తోలు జాగ్రత్తగా దించి బెంచీ మీద కూర్చుంది.

"పదమూడేళ్ళ నుంచీనా?" అంది. ఆ గొంతు విని చెప్పకుండా ఉండాల్సిందనిపించింది నాకు.

అయితే ఆవిడ దిగులు పడేది అయిదు నిమిషాలే, ఆ తర్వాత కోపమే. పేలని పద్నాలుగింటినీ రోల్స్ తీసుకెళ్ళిన రేకుపళ్ళెంలోనే పోసుకుని హోయ్ట్ ఇంటికి నడిచింది. నేనూ వెళ్ళాను, కొట్టుకుంటారేమోనని. కొట్టుకుంటే చూద్దామని కూడా.

"ఇవేనా నీ చెడ్డరోజుల తూటాలు?"

"నీ పిస్తోలుదే తప్పు," అన్నాడు హోయ్ట్, గడ్డానికి చక్కెరపాకం అంటించుకుని. "అది పెంకిదని అందరికీ తెలుసు."

"ఒక్కోదాన్నీ మూడుసార్లు కొట్టి చూశాను. ఈ వేండెల్ గాడి పిస్తోలుతో కూడా కొట్టాం. తూటా మీద అచ్చులు చూసుకో."

హోయ్ట్ కళ్ళజోడు పెట్టుకుని ఒక్కోదాన్నే తిప్పి చూశాడు. అతని మొహంలో రంగు మెల్లగా దిగిపోయింది. "ఏ పెట్టెలోవి ఇచ్చాను నీకు? కింది అరలోవా?" అని లేచి, సెల్లార్ మెట్లు గబగబా దిగాడు. మేమూ దిగాం. గోడ పొడుగునా అరలు, అరల నిండా పెట్టెలు, ముట్టుకుంటే కింది అరవి మెత్తగా తగిలాయి. ఏదో ఏడాది కాలవ పొంగి సెల్లార్‌లోకి మోకాలెత్తు నీళ్ళొచ్చాయట. నీళ్ళు పోయాయి కదా అనుకున్నాడు, పెట్టెలు విప్పి చూడలేదు. అసలు ఎప్పుడూ ఏదీ విప్పలేదు.

"ఇవన్నీ పోయాయంటావా?" అన్నాడు హోయ్ట్. మెట్టు మీద కూర్చుండిపోయాడు. "అన్నీనా ఒర్లీన్?"

నవ్వొచ్చింది నాకు, కానీ నవ్వలేకపోయాను. ఇరవై ఏళ్ళుగా చెడ్డరోజులకని కూడబెట్టిన మనిషి, చెడ్డరోజు తన సెల్లార్‌లోకి ఎప్పుడో వచ్చి కూర్చుందని ఇప్పుడు తెలుసుకున్నాడు. కుర్చీ నెత్తిన వెయ్యాలన్న కోరిక ఆ పూటకి పోయింది.

"ఏవి పోయాయో ఏవి ఉన్నాయో కాల్చి చూస్తే తెలుస్తుంది," అంది మిస్ ఒర్లీన్.

"కాల్చి చూస్తే అయిపోతాయి కదా!"

"చూడకపోతే ఉన్నాయో లేవో తెలియదు కదా! పెట్టెకి అయిదు చొప్పున కాల్చి చూద్దాం. నువ్వే కాల్చుకో."

హోయ్ట్ కుడి భుజం తడుముకున్నాడు. ముప్పై నాలుగేళ్ళు కారు కిటికీలోంచి చెయ్యి చాపి డబ్బాల్లో ఉత్తరాలు వేసి వేసి ఆ భుజం ఎప్పుడో అరిగిపోయింది. పిస్తోలు ఎత్తి నిమిషం కూడా పట్టుకోలేడు. అందుకే క్లబ్బుకి రావడం మానేశాడని, అది ఎవరికీ చెప్పలేదని, అప్పుడే బయటపెట్టాడు.

"అయితే నేను కాలుస్తాను," అంది ఆవిడ. "రోల్స్ మాత్రం ఇక లేవు. కూలికి వచ్చేదాన్ని, ఎదురివ్వను."

అలా మొదలైంది. మంగళవారం, శుక్రవారం పొద్దున్న తొమ్మిదింటికి హోయ్ట్ తన పాత కారు డిక్కీలో పెట్టెలు వేసుకొచ్చేవాడు. ఆవిడ కాల్చేది. అతను పక్కన మడత కుర్చీలో కూర్చుని, బాగున్న పెట్టె మీద నీలం పెన్సిల్‌తో, చెడిన పెట్టె మీద ఎర్ర పెన్సిల్‌తో గీత గీసేవాడు. అతని అవస్థ చూడాలి! పేలితే ఒకటి పోయిందని ఏడుపు, పేలకపోతే ఒకటి చెడిందని ఏడుపు. రెండో శుక్రవారం ఆవిడ జాలిపడి రుమాల్లో రెండు రోల్స్ కట్టి తెచ్చింది. హోయ్ట్ పెన్సిల్ చెవిలో దోపుకుని రెండూ తిన్నాడు.

ఏది పేలుతుందో ఏది పేలదో కాల్చేవాళ్ళకి తెలియదు. బెదురు పోవడానికి అంతకన్నా మంచి మందు లేదు. ఎంత ఖరీదైన తూటాతోనూ రాని చదువు ఆ తడిసిన తూటాలు చెప్పాయి. "టక్" అన్నప్పుడల్లా హోయ్ట్ పెన్సిల్ పట్టుకునే, "వంగింది" అనేవాడు. "తెలుసు," అనేది ఆవిడ. "మళ్ళీ వంగింది." "నోరు మూసుకుని గీత గియ్యి." "నేను గీస్తూనే ఉన్నా, వంగేది నువ్వు." మార్చి అంతా ఇదే భాగవతం. ఏప్రిల్లో "కొంచెం వంగింది" అయింది. మే నెల మూడో మంగళవారం, "టక్" అన్నాక హోయ్ట్ ఏమీ అనలేదు. ఆవిడ వెనక్కి తిరిగి చూసింది.

"ఏం, నిద్రపోయావా?"

"కదల్లేదు ఒర్లీన్," అన్నాడు హోయ్ట్. పెన్సిల్ గియ్యడం మర్చిపోయాడు.

ఆ సంతోషంతోపాటే ఇంకోటి కూడా చూశాను. కాల్చడం ఆపి చెయ్యి ఒళ్ళో పెట్టుకుంటే, ఫిబ్రవరిలో రెండు వేళ్ళే ఊగేవి, ఇప్పుడు మణికట్టు దాకా ఊగుతోంది. పిస్తోలు ఎత్తగానే ఆగుతోంది కానీ, ఆగడానికి ఇంతకుముందు కన్నా ఎక్కువసేపు పడుతోంది. జూన్ ఆఖరి శనివారం ఎంత దూరముందో ముగ్గురం లెక్కేసుకుంటూనే ఉన్నాం.

పోటీ కోసం నేనొక తప్పు పని చేశాను. అంతకుముందు గురువారం లారీలో ఆవిడ పిస్తోలుకి సరిపడే రకం, ఫ్యాక్టరీ నుంచి అప్పుడే వచ్చిన కొత్త సరుకు, ఒక పెట్టె దిగితే, వరసలో ఎవరికీ ఇవ్వకుండా పెయింటు డబ్బాల వెనక దాచాను. మా యజమానికి తెలిస్తే ఉద్యోగం ఉండేది కాదు. పోటీ రోజు ఆ పెట్టె ఆవిడ చేతిలో పెడుతుంటే అవతల నుంచి హోయ్ట్ వచ్చాడు. చేతిలో మందుబిళ్ళల సీసా, అందులో తూటాలు. పై అరలోని నీలం గీత పెట్టెల్లోంచి ఏరి, ఒక్కోదాన్నీ కాటాలో తూచి, గుడ్డతో తుడిచి తెచ్చాడట. రెండు రాత్రులు పట్టిందన్నాడు.

మిస్ ఒర్లీన్ సీసా వైపు చూసింది, పెట్టె వైపు చూసింది, హోయ్ట్ మొహం వైపు చూసింది.

"స్నేహం స్నేహమే, తూటా తూటాయే హోయ్ట్," అని నా పెట్టె తీసుకుంది.

"అంతే, అంతే," అన్నాడు హోయ్ట్. సీసా జేబులో వేసుకుని, వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నాడు. ఎవరన్నా కొట్టినా అంత చిన్నబోయేవాడు కాదు.

మొదటి దఫా నిదానంగా కొట్టేది, ఎనభై ఏడు వచ్చాయి. రెండోదానిలో తొంభై రెండు. మూడో దఫా అన్నిటికన్నా కష్టం, పది సెకన్లలో అయిదు గుళ్ళు, అలా రెండుసార్లు. మొదటి అయిదుకీ నలభై ఆరు. గురి కాగితాల లెక్క నాకు నోటికొచ్చేసింది, చివరి అయిదింటిలో నలభై అయిదు రావాలి. ఆవిడకీ తెలుసు. క్లబ్బులో అందరికీ తెలుసు. ఎప్పుడూ వాగే ముసలాళ్ళు కూడా కాఫీ కప్పులు దించేశారు.

గురి కాగితం ఎదురుగా తిరిగింది, పది సెకన్లు మొదలయ్యాయి. ఒకటి పేలింది. రెండు పేలింది. మూడోది, "టక్."

నా పెట్టెలోది! కరువులో ఆదరాబాదరాగా చేసి పంపిన కొత్త సరుకు! కానీ ఆ క్షణంలో అక్కడున్న ముప్పైమందీ చూసింది ఒకటే. గొట్టం ముక్కు కదల్లేదు. వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

ఆవిడ రూలు ప్రకారం ఎడమచెయ్యి పైకెత్తింది. పేలని తూటాకి ఒక్కసారికి మాఫీ ఉంది. కొత్త కాగితం పెడతారు, అయిదూ మళ్ళీ కాల్చాలి. ఇంకోసారి టక్ అంటే మాత్రం అది సున్నాయే.

అర నిమిషం ఆగి, చెడ్డదాన్ని తీసేసి, పిస్తోలు బల్లమీద పెట్టింది. నా పెట్టెని వేలితో పక్కకి నెట్టింది. నెట్టి, వెనక్కి చూడకుండానే, ఎడమచెయ్యి వెనక్కి చాపింది.

హోయ్ట్ కుర్చీ కిందపడేలా లేచాడు. సీసా మూత ఎంతకీ రాదు, పిల్లలు తియ్యకూడదని చేసే మూత అది. పళ్ళతో పీకి, అయిదు తూటాలు లెక్కపెట్టి ఆవిడ అరచేతిలో పోశాడు. జీవితంలో అతను ఎవరికైనా ఊరికే ఇచ్చింది అదే మొదటిసారి అనుకుంటాను.

అయిదూ పేలాయి. ఒకదాని వెనక ఒకటి, తలుపు తట్టినట్టు.

కాగితం తెచ్చారు. పది, తొమ్మిది, తొమ్మిది, తొమ్మిది, ఎనిమిది. నలభై అయిదు. మొత్తం రెండువందల డెబ్భై, ఒక్కటి ఎక్కువా లేదు, తక్కువా లేదు. లెక్క చూసే పెద్దాయన మూడుసార్లు కూడి, చివరికి టోపీ తీశాడు. ముసలాళ్ళు బల్లలు బాదారు. నేను ఏడ్చాను, దాచుకోవడమెందుకు. హోయ్ట్ మాత్రం అందరి దగ్గరికీ వెళ్ళి, "నావే, పై అరవి," అని చెబుతున్నాడు.

మిస్ ఒర్లీన్ బెంచీ మీద కూర్చుంది. పిస్తోలు వదిలిన కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. అది మణికట్టు దాటి మోచేతి దాకా ఊగడం మొదలుపెట్టింది, ఎన్నడూ లేనంతగా. ఎవరో కాఫీ ఇచ్చారు, పట్టుకోలేకపోయింది. అంతమంది చూస్తున్నారు. ఫిబ్రవరి నుంచీ జేబులోనో శాలువా కిందో దాచుకు తిరిగిన చేతిని ఆవిడ ఈసారి దాచలేదు. అలా ఒళ్ళో పెట్టుకుని, చంటిపిల్లతో మాట్లాడినట్టు దాంతో అంది.

"ఇక ఊగు తల్లీ. నీ ఇష్టమొచ్చినంత ఊగు."

హోయ్ట్ వచ్చి పక్కన కూర్చుని, కాఫీ కప్పు తీసుకుని, ఆవిడ తాగేదాకా పట్టుకున్నాడు.